బావ పంపిన కండెన్సర్లు

1964 జూన్ 14, ఆదివారం, తాండూరు

దౌల్తాబాద్ రేడియో తిరిగొచ్చింది. గొంగడి చుట్టి, తాళ్లు కట్టి, దవాఖానకు తెచ్చిన ముసలాయనను దింపినట్టు బస్సు మీది నుంచి దింపారు. సర్పంచ్ బిచ్చయ్య తనే వెంట వచ్చాడు. దుకాణం మెట్టు ఎక్కకముందే బజారంతా వినపడేట్టు మొదలుపెట్టాడు.

"ఏందయ్యా జనార్దన్, నేను గీ డబ్బకు బ్యాటరీ పెడుతున్ననా, బర్రెకు కుడితి పెడుతున్ననా? ఎంత పోసినా సాలదాయె. పోనీ సక్కగ మాట్లాడి సచ్చిందా అంటే గదీ లేదు. గురగుర, గురగుర. మా ఊరోళ్లు పొద్దుగూకంగనె పంచాయితీ ముంగట కూసోని గురక ఇంటున్నరు."

ఏరియల్ సరిగా కట్టలేదేమో అన్నాను. కట్టింది నేనే. ఆ సంగతి అతనికి గుర్తుంది. నాకే గుర్తు లేదు.

పోయిన నెల ప్రధాని పోయిన కబురు కొన్ని ఊళ్లకు మర్నాటికి గానీ తెలియలేదు. అప్పటినుంచి ప్రతి సర్పంచ్‌కూ రేడియో కావాలి. కంపెనీ రేడియో కొనే స్తోమత పంచాయితీలకు లేదు. నేనూ తాజ్ మొహమ్మదూ కలిసి బిగించేది చవక. అంతకుముందే ఉగాదికి మూడు ఊళ్లకు ఇచ్చి ఉన్నాం: దౌల్తాబాద్, కోట్‌పల్లి, కరణ్‌కోట. ఎండలు ముదిరేదాకా మూడూ బాగానే పలికాయి. ఇవి నిలబడితే ఆగస్టులో సర్పంచులంతా తాండూరులో కూడినప్పుడు మిగతా ఊళ్లు కూడా మాకే చెప్తాయి. నిలబడకపోతే తాజ్ భాయ్ మళ్లీ బండల గనికి, నేను మళ్లీ గడియారాల రిపేరుకు. బిచ్చయ్య అరుస్తున్నంతసేపూ తాజ్ భాయ్ నా మొహం వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

జూన్ 15

తాజ్ భాయ్ దౌల్తాబాద్ రేడియో విప్పి, లోపలి నుంచి మైనం పూసిన వేలెడంత కండెన్సర్ ఒకటి తెంపి, మీటర్ పెట్టి చూపించాడు. మంచిదైతే ముల్లు ఒక్కసారి ఎగిరి, తిరిగి తన చోటికి పోయి పడుకుంటుంది. ఇది ఎగిరి సగంలో కూర్చుంది. అంటే లోపల కరెంటు కారుతోంది. అది కారితే వాల్వు వేడెక్కుతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది, బిచ్చయ్య బస్సెక్కుతాడు.

"భాయ్, గిది బిగియ్యకముందే జూస్తే ఒక్క నిమిషం పని. బిగించినంక జూస్తే బస్సు, గొంగడి, బజార్ల ఇజ్జత్ పోవుడు," అన్నాడు.

బస్సు కుదుపులకు పాడై ఉంటుందన్నాను.

"కండెన్సర్ ఏమన్న కోడిగుడ్డా భాయ్, కుదుపుకు పగలనీకి?"

నిజమే. కానీ ఆయనకేం, చెప్పడం తేలిక. సామాను వచ్చేది వికారాబాద్‌లో మహేందర్ బావ దుకాణం నుంచి. నా భార్య మనోరమ అతని చెల్లెలు. అతని భార్య గోవిందమ్మ నా చెల్లెలు. మా పెద్దవాళ్లు ఒకే పందిట్లో కుండమార్పు పెళ్లిళ్లు చేసి చేతులు దులుపుకున్నారు. అప్పటినుంచి అతను నాకు బావ, నేను అతనికి బావ. ఒకరి మీద ఒకరం గట్టిగా కోపం తెచ్చుకునే వీల్లేదు.

పెద్దేముల్‌లో మా మేనత్త ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. అక్కడా ఇలాంటి పెళ్లిళ్లే. ఒక ఇంట్లో ఆలుమగలు పోట్లాడుకుని ఆ పిల్లను పుట్టింటికి పంపితే, ఆ పుట్టింటివాళ్లు తమ కోడలిని బండెక్కించారు. ఆ రెండో జంటకు ఏ గొడవా లేదు. అయినా ఎక్కించారు.

పోయినేడు నేను ఒకే ఒక్క వాల్వు వాపస్ పంపాను. ఆ ఏడు బావ గోవిందమ్మను బతుకమ్మకు పంపలేదు. "నా సామాను నచ్చనోళ్ల ఇంట్ల నా పెండ్లానికి పండుగేంది?" అన్నాడట. నవ్వుతూనే అన్నాడట. ఆ తరువాత నేనేదీ వాపస్ పంపలేదు. గోవిందమ్మ నోట్లో నాలుక లేని పిల్ల, ఒక్క మాటంటే తట్టుకోలేదు. ఆమె కోసం నేను ఈ మాత్రం ఓర్చుకోలేనా?

జూన్ 17

దౌల్తాబాద్ రేడియోలో కండెన్సర్ మార్చి పంపాను. ఏరియల్ కూడా మార్చాను. తప్పు ఏరియల్‌దే.

జూన్ 19, శుక్రవారం

ప్యాసింజర్ బండికి బావ వచ్చాడు. సామాను పెట్టె ఒక చంకలో, మామిడిపళ్ల బుట్ట ఇంకో చంకలో. అతను వస్తే ఇల్లు నిండుతుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. పిల్లల్ని ఎత్తుకున్నాడు, మనోరమ చేసిన సర్వపిండి రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు, దుకాణానికి వచ్చి చాయ్ తెప్పించమన్నాడు.

తాజ్ భాయ్ బల్ల మీద మీటర్ పెట్టి, వైర్లు తగిలించి, పెట్టె విప్పడం కోసం ఎదురు చూస్తున్నాడు. నేను తువ్వాలు తీసి మీటర్ మీద కప్పాను.

"గదేంది బావా?" అన్నాడు బావ.

"దుమ్ము పడుతుంది," అన్నాను.

చుట్టం తెచ్చిన బియ్యాన్ని అతని ఎదురుగానే చాటలో పోసి రాళ్లు ఏరుతామా? ఇదీ అంతే. తాజ్ భాయ్ చాయ్ ముట్టుకోకుండా బయటికి పోయి బీడీ వెలిగించాడు.

జూన్ 28, ఆదివారం

కోట్‌పల్లి రేడియో కూడా వచ్చింది.

చెరువు దగ్గరి ఊరు కదా, తేమకు అలా అయి ఉంటుందన్నాను. తాజ్ భాయ్ మొన్న వచ్చిన పెట్టెలోంచి ఒక కొత్త కండెన్సర్ తీసి, చాకుతో పైనున్న మైనం గీశాడు. పచ్చటి కొత్త మైనం లేచిపోయింది. దాని కింద ఇంకో కాగితం, దాని కింద నల్లబడిన పాత మైనం. ఎప్పటి మిలిటరీ సామానో, మళ్లీ మైనంలో ముంచి కొత్త చీటీ అంటించారు.

"మీ బావ చేసిండని నేనంట లేను," అన్నాడు. "సికింద్రాబాద్‌ల ఎవడో జేసిండు. గాయన చూడకుండ గొన్నడు. నువ్వు చూడకుండ తీసుకున్నవ్. బిచ్చయ్య ఒక్కడే చూసిండు."

నాకు తల కొట్టేసినట్టయింది. అందుకే గట్టిగా అరిచాను. మా ఇంటి సంగతులు నీకేం తెలుసు అన్నాను. ఆయన చాకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటి సంగతులు నాకొద్దు భాయ్. నేను కరణ్‌కోట గనిల పని ఇడిసిపెట్టి వచ్చిన. చాంద్‌బీ నన్ను రోజు అడుగుతది, రేడియోలు నడుస్తున్నయా అని. ఏం చెప్పాలె? జనార్దన్ వాళ్ల చెల్లె పరేషాన్ అయితదని నడుస్త లేవని చెప్పనా?"

జూలై 2

మనోరమ అడిగింది, దుకాణంలో తాజ్ భాయ్‌తో ఏం గొడవ అని. చెప్పాను.

"సామాను ఖరాబున్నదని మా అన్నకు చెప్పున్రి. నడుమ నాకేంది?" అంది.

అంతే. కందిపప్పు చెరుగుతూ తలెత్తకుండా అంది. ఆడవాళ్లు మాట వరసకు అలా అంటారు. చెప్పాక తెలుస్తుంది.

జూలై 8

ఉపాయం దొరికింది. ఎందుకు ముందే తోచలేదో! బావ పెట్టె తెచ్చి వెళ్లిపోయాక నేనూ తాజ్ భాయ్ అన్నీ మీటర్ పెట్టి చూస్తాం. చెడ్డవి డబ్బాలో వేస్తాం. మంచివి తక్కువైతే హైదరాబాద్ నుంచి తెప్పిస్తాం. బావకు తెలియదు, గోవిందమ్మకు ఇబ్బంది లేదు, రేడియోలు పలుకుతాయి. అందరూ చల్లగా ఉంటారు.

తాజ్ భాయ్‌కు చెప్తే నవ్వాడు. ఆ నవ్వు ఏమీ బాగాలేదు.

"ఒక్క అబద్ధానికి రెండుసార్లు పైసలు కట్టేటోన్ని నిన్నే జూసిన," అన్నాడు. కానీ మీటర్ పట్టుకుని కూర్చున్నాడు.

జూలై 12

సగానికి పైగా డబ్బాలోకే పోతున్నాయి. మూత పట్టడం లేదు.

జూలై 17, శుక్రవారం

ఈ రోజు సంగతి రాయకూడదనుకున్నాను.

బావ ఒంటరిగా రాలేదు. సేడం నుంచి ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చాడు. పేరు మల్లయ్య. సగం కన్నడం, సగం తెలుగు. మెడలో రుద్రాక్ష, చేతిలో గుడ్డసంచి, నెమ్మదస్తుడు. కొత్తగా దుకాణం పెట్టుకుంటున్నాడట. సామాను ఎక్కడ కొనాలో తేల్చుకోలేక తిరుగుతున్నాడట. బావ అతన్ని తెచ్చి నా ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు.

"గీన మా బావ. తాండూరుల రేడియో అంటే గీననే. అడుగు, నా సామాను ఏనాడన్న పరీక్ష జేసిండా? కండ్లు మూసుకొని తీసుకుంటడు. ఏం బావా?"

తాజ్ భాయ్ సోల్డర్ కడ్డీ పట్టుకుని ఆగిపోయాడు. చెడ్డ కండెన్సర్ల డబ్బా బల్ల కింద నా కాలికి తగులుతోంది. మల్లయ్య నా వంక చూస్తూ, "హౌదా, స్వామీ?" అని, నిజమేనా అన్నట్టు, మెల్లగా అడిగాడు.

నేను తలూపాను.

అబద్ధం కాదు కదా. బావ ముందు నేనెప్పుడూ పరీక్ష చెయ్యలేదు. అడిగింది అదే. దానికే తలూపాను.

మల్లయ్య మొహం తేటపడింది. నాకు దండం పెట్టాడు. ఇద్దరూ వెళ్లాక తాజ్ భాయ్ తన పట్టకారు, తన చాకు, తన మీటర్ అన్నీ సంచిలో వేసుకున్నాడు. నేను ఆపలేదు. ఆయనే గుమ్మం దగ్గర ఆగాడు.

"మన రేడియో ఖరాబైతే మనమే బాధ పడ్తుంటిమి. గా మల్లయ్య ఏం జేసిండు భాయ్ నీకు?"

జూలై 18

తాజ్ భాయ్ రాలేదు.

జూలై 20

తాజ్ భాయ్ రాలేదు. వర్షానికి అయి ఉంటుంది.

జూలై 23

వర్షం లేదు. తాజ్ భాయ్ రాలేదు.

వాళ్ల ఇంటికి వెళ్లాను. చాంద్‌బీ తలుపు సగమే తీసింది. "కరణ్‌కోటకు పోయిన్రు, గనికి," అంది. ఇంకేమైనా చెప్పమన్నాడా అని అడిగాను. "ఏం జెప్పలే అన్నా," అని, కాస్త ఆగి, "మీరు బాగున్నరా?" అంది. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపు వచ్చినంత పనయింది.

ఆగస్టు 7, శుక్రవారం

ఎల్లుండి సర్పంచుల కూటం. కొత్త రేడియో ఒకటి బల్ల మీద పెట్టి వినిపించాలి. మీటర్ తాజ్ భాయ్‌ది, ఆయనతోనే పోయింది. హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న కండెన్సర్లు పై అరలో ఉన్నాయి. మీటర్ లేకపోయినా వాటితో బిగించి గండం గట్టెక్కుదామనుకున్నాను.

అంతలో బావ దిగాడు. "తాజ్ భాయ్ లేడట గద, ఒక్కనివి ఏం తిప్పలపడతవ్, నేను సాయం జేస్త," అన్నాడు. చొక్కా చేతులు మడిచి పక్కనే కూర్చున్నాడు. తన పెట్టె విప్పి, ఒక్కొక్క కండెన్సర్ తీసి, మసి గుడ్డతో తుడిచి నా చేతికి అందించాడు. అతను అందిస్తున్నాడు, నేను బిగిస్తున్నాను. పై అర వంక ఒకటి రెండుసార్లు చూశాను. అందిస్తున్న చెయ్యిని తోసేసి ఏమని చెప్పను? ఎంత ప్రేమగా అందించాడో!

బిగించాక పలికింది. గంటసేపు పాటలు విన్నాం. బావ తొడ మీద తాళం వేశాడు. అన్నీ చెడ్డవే ఉండవు. నేనే అతిగా భయపడుతున్నాను.

ఆగస్టు 9, ఆదివారం

వార్తలు మొదలయ్యాయి. చదివే ఆయన తన పేరు చెప్పాడు. ఆ తరువాత గొంతులో ఏదో అడ్డం పడినట్టు గరగరమన్నాడు. తరువాత అదీ లేదు.

ఇన్ని ఊళ్ల సర్పంచులు, పటేళ్లు, ఎదురుగా కుర్చీల్లో. నేను రేడియో వెనక దూరి గుండీలు తిప్పుతున్నాను. బిచ్చయ్య లేచి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"జనార్దన్, నువ్వు మంచోనివే. నిన్ను జూసి నాకే బాధయితున్నది. గీ డబ్బ ఇంటికి తీస్కపో. దసరా దాక జూస్తం. గప్పటికి మాట్లాడితే మాట్లాడె, లేకుంటే అప్పోసొప్పో జేసి కంపెనీది గొంటం."

అరిచినా బాగుండేది.

కరణ్‌కోట సర్పంచ్ పక్కన, వెనక వరసలో తాజ్ భాయ్ ఉన్నాడు. గని దుమ్ముతో తల తెల్లగా ఉంది. నన్ను చూసి చెయ్యి సగం ఎత్తి, దించేశాడు.

ఆగస్టు 11, మంగళవారం

వికారాబాద్ వెళ్లి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

డబ్బా సంచిలో పెట్టుకుని పొద్దున బండి ఎక్కాను. దారి పొడవునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. బావా, నీ తప్పేం లేదు, నిన్ను ఎవరో మోసం చేశారు. అలా మొదలుపెడితే అతనికీ గౌరవం, నాకూ గౌరవం. స్టేషన్ దిగేసరికి ఆ మాటలు కూడా ఎక్కువనిపించింది. ఊరికే చూసి పోదామని వచ్చానందామనుకున్నాను.

దుకాణంలో బావ లేడు. పార్సిల్ విడిపించడానికి పోయాడట. గల్లా దగ్గర గోవిందమ్మ కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

"ఊరికే వచ్చినమ్మా," అన్నాను.

"సంచిల ఏంది అన్నా?"

"ఏం లేదు."

ఆమె లేచి వచ్చి, నా చేతిలోంచి సంచి తీసుకుని, డబ్బా మూత తీసి చూసింది. ఆశ్చర్యపోలేదు. గల్లా కిందికి వంగి అలాంటిదే ఇంకో సంచి తీసి దాని పక్కన పెట్టింది. గుడ్డసంచి. ఎక్కడో చూసినట్టనిపించింది.

"సేడం మల్లయ్యది," అంది. "మొన్న వచ్చి గీడ కుమ్మరిచ్చి పోయిండు. తిట్టలే, లొల్లి జెయ్యలే. 'మీ అన్న తలూపిండు గదమ్మా' అన్నడు. గంతే."

నేను బెంచీ మీద కూలబడ్డాను. "నీ కోసమే గోవిందమ్మా. నేను నోరు తెరిస్తే నిన్ను ఏమంటాడోనని," అన్నాను.

"నన్నడిగినవా?"

ఆమె డబ్బా మూత పెట్టేసింది.

"మూడేండ్ల సంది దుకాణంల నేనే గూసుంటున్న. వాపస్ తెచ్చేటోళ్ల మొఖాలు నేనే జూస్తున్న. గా సికింద్రాబాదోని సామాను కొనకు, కొనకు అని మొత్తుకుంటున్న. గాయన ఒక్కటే మాట. 'మీ అన్న మెకానిక్. గా ఒక్క వాల్వు తప్ప గాయన ఏమన్న వాపస్ పంపిండా? నీకేం ఎరుకని మాట్లాడుతున్నవ్?' నేనేం జెప్పాలె అన్నా? నువ్వు పంపక నన్ను అబద్ధాలదాన్ని జేసినవ్. బతుకమ్మకు రాకుంటే ఏమాయె, ఇంట్లనే ఆడుకుంటి. గిది మాత్రం పడనీకి నాతోని అయిత లేదు."

నోట్లో నాలుక లేని పిల్ల అని ఈ డైరీలోనే రాశాను. నవ్వొస్తోంది.

బావ వచ్చాడు. అప్పటికి ఇద్దరు గిరాకీలు కూడా ఉన్నారు. గోవిందమ్మ వాళ్లను వెళ్లనివ్వలేదు. అరలోంచి దుకాణం మీటర్ తీసి బల్ల మీద పెట్టింది. కొత్త పార్సిల్ విప్పింది. "అన్నా, పెట్టు," అంది.

పెట్టాను. ముల్లు లేచి సగంలో కూర్చుంది. ఇంకోటి పెట్టాను. అదీ అంతే. ఒకటి మంచిది వచ్చింది, ముల్లు తిరిగి పడుకుంది. తరువాత వరసగా మళ్లీ కూర్చున్నవే. నేను ఎవరి మొహమూ చూడలేదు. గిరాకీలు మెల్లగా జారుకున్నారు.

బావ మీటర్ ముల్లు వంకే చూస్తూ అడిగాడు.

"నీకెప్పటి సంది ఎరుక?"

చెప్పాను.

"గన్ని రోజులు నవ్వుకుంట నాతోని చాయ్ తాగినవా? మొన్న పక్కన గూసోని అందిస్తి గద బావా. చిన్నపోరన్ని చేసినట్టు జేసినవ్. ఒక్క మాట జెప్పొద్దా నాకు?"

నిజంగా బాధపడ్డాడు. బాధ అతని దగ్గర ఎక్కువసేపు నిలవదు, కోపమైపోతుంది. లేచి సంచీ, డబ్బా రెండూ వీధిలోకి విసిరాడు.

"గిరాకీల ముంగట నా ఇజ్జత్ దీసిన్రు అన్నాచెల్లెలు. తీస్కపో నీ చెల్లెను. రేపటి బండికి నా చెల్లెను పంపియ్యి."

పెద్దేముల్ గుర్తొచ్చింది.

గోవిందమ్మ మాత్రం గల్లా ముందుకు పోయి కూర్చుంది. "నన్నెవలు పంపుతరో పంపమను. నేను యాడికి పోను. దుకాణం సగం నేను నడుపుతున్న," అంది. బావ ఆమె వంక చూశాడు. ఏదో అనబోయి, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

నేను సాయంత్రం బండికి వచ్చేశాను.

ఆగస్టు 12

మనోరమకు అంతా చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆమె ఊ కొడుతూనే ఉంది. గోవిందమ్మ మీటర్ పెట్టమన్న చోట నవ్వింది కూడా. తరువాత అడిగింది.

"మా అన్న నన్ను పంపుమన్నంక మీరేమన్నరు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ?"

"గోవిందమ్మే అంది కదా, పోను అని. దాంతో..."

"వదినె తన మాట తను చెప్పుకున్నది. నా మాట ఎవరు చెప్పాలె? పంప అని అనలేదా?"

అనలేదు. ఆ మాట నాకు తట్టనే లేదు. అతను అడిగితే ఇచ్చేయాల్సిందే అన్నట్టు నిలబడ్డాను. ఈ పేజీలు తిరగేసి చూశాను. ప్రతి చోటా గోవిందమ్మ కోసం, గోవిందమ్మ కోసం అని రాసుకున్నాను. గోవిందమ్మ ఎక్కడైనా బతుకుతుంది. నేను భయపడింది మనోరమ వెళ్లిపోతుందని. ఆమె లేని ఇల్లు ఊహించుకోవడానికి కూడా నాకు భయమే. అదే ఆమెతో చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషం కాదు.

"పదేండ్లాయె నేను ఈ ఇంటికొచ్చి. ఇద్దరు పిల్లలు. మా అన్న అడిగితే వాపస్ ఇయ్యాల్సిన సామానని అనుకుంటున్నరా ఇంక నన్ను?"

కాదు అన్నాను. నిన్న అనాల్సింది. ఈ రోజు అన్నాను.

ఆగస్టు 13

మనోరమ మాట్లాడలేదు.

ఆగస్టు 14, శుక్రవారం

తాజ్ భాయ్ వచ్చాడు. వికారాబాద్ సంగతి కరణ్‌కోట దాకా ఎలా పోయిందో! సంచిలోంచి మీటర్ తీసి బల్ల మధ్యలో, అందరికీ కనపడేట్టు పెట్టాడు. బల్ల మీది నా తువ్వాలు తీసి తన భుజం మీద వేసుకున్నాడు. మొదట సేడం పోయి మల్లయ్యకు మంచి సామాను ఇచ్చి రావాలన్నాడు. ఆ తరువాతే ఊళ్ల నుంచి మన మూడు రేడియోలు తెప్పించి బాగుచేద్దామన్నాడు. సరేనన్నాను. దేనికైనా సరేననే స్థితిలోనే ఉన్నాను.

ఆగస్టు 16, ఆదివారం

పొద్దున లేచేసరికి మనోరమ పిల్లలకు తలదువ్వి, చీర మార్చుకుని, ట్రంకుపెట్టె గుమ్మంలో పెట్టుకుని ఉంది.

"నిన్ను పంపను," అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కింటివాళ్లు కూడా విన్నారు.

"మీరు పంపుతె పోత లేను. మా అన్న పిలిస్తె పోత లేను," అంది. "వదినె ఒక్కతె కూసున్నది గా దుకాణంల. గామె పక్కన కూసునేటందుకు పోతున్న. మా అన్నతోని నేను మాట్లాడాల్సినయి శానా ఉన్నయి."

"ఎప్పుడొస్తావు?"

ఆమె ట్రంకుపెట్టె ఎత్తుకుంది. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

"వచ్చుడన్న నన్ను నిర్ణయం జేసుకోనియ్యున్రి," అంది.

స్టేషన్ దాకా వెంట నడిచాను. బండి ఎక్కాక చిన్నది కిటికీలోంచి చెయ్యి ఊపింది. మనోరమ ఊపలేదు. కానీ బండి కదిలేదాకా నా వంకే చూసింది. అది కోపం చూపో, ఇంకేదో నేను చెప్పలేను. అలాంటివి కనిపెట్టడం నాకెప్పుడూ చేతకాలేదు.

ఆగస్టు 18

మల్లయ్యకు సామాను ఇచ్చి వచ్చాం. ఒక్కొక్కటి అతని కళ్ల ముందే మీటర్ పెట్టి చూపించాను. దౌల్తాబాద్ రేడియో బిగించడం అయిపోయింది. పలుకుతోంది. ఇంట్లో అన్నం నేనే వండుకున్నాను, అడుగంటింది.

ఆగస్టు 19

కోట్‌పల్లి రేడియో కూడా పలుకుతోంది. పొలం కార్యక్రమం పూర్తిగా విన్నాం, ఒక్క గరగర లేదు. తాజ్ భాయ్ మెచ్చుకున్నాడు. నాకేమీ అనిపించలేదు.

ఆగస్టు 20

సాయంత్రం బండికి స్టేషన్‌కు వెళ్లాను. పార్సిల్ ఏమైనా వచ్చిందేమో చూసి వద్దామని. పార్సిల్ ఏదీ రావాల్సింది లేదు, నాకు తెలుసు. అందరూ దిగిపోయేదాకా నిలబడ్డాను.

రేపు కూడా ఒకసారి వెళ్లి చూడాలి.